ఉన్నాను, ఉండు

నా పేరు నార్మన్ హెప్‌వర్త్. వయసు అరవై ఎనిమిది. బార్న్‌స్లీ దగ్గర హాలిన్‌రాయిడ్ బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. గని మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాను. చనిపోయిన సిరిల్ ఓల్డ్‌రాయిడ్ నా షిఫ్టువాడు, నా స్నేహితుడు. అతను ఎలా పోయాడో విచారిస్తున్న ఆఫీసరుగారి ముందు 1994 మార్చి 3వ తేదీన, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ప్రతి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు గని కార్మికుల క్లబ్బులో మేమిద్దరం స్నూకర్ ఆడేవాళ్లం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆడాం. సిరిల్ నిదానం ఊరందరికీ తెలుసు. బల్ల చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. కర్ర మొనకు సుద్ద రాస్తాడు. వంగుతాడు. లేస్తాడు. మళ్లీ సుద్ద రాస్తాడు. బంతి మరీ ఇరుకున పడితే కుర్చీలో కూర్చుని, కర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని మీద చేతులు, చేతుల మీద గడ్డం ఆనించి చూస్తూ ఉంటాడు. 1979లో ఒక్క దెబ్బకు ఇరవై ఆరు నిమిషాలు తీసుకున్నాడు. ఆలోగా నేను ఇంటికెళ్లి కుక్కను తిప్పుకొచ్చాను.

ఎర్రబంతి ఎదురుగా ఉన్నా కొట్టకపోతే, "ఎర్రగా పండింది కదరా, ఇంకా కొయ్యవేం?" అనేవాణ్ణి. మరీ ఆలస్యమైతే, "ఒరే సిరిల్, ఉన్నావా, పోయావా?" అనేవాణ్ణి. తల ఎత్తకుండానే "ఉన్నాను, ఉండు" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్లూ అదే ప్రశ్న, అదే జవాబు.

ఫిబ్రవరి 25, శుక్రవారం, పక్క ఊరి క్లబ్బుతో కప్పు పోటీ జరిగింది. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది, అది పడితే కప్పు మాదే. సిరిల్ దాని మీదికి వంగి ఉండగా నేను అలవాటుకొద్దీ "ఉన్నావా, పోయావా?" అనేశాను. హాలంతా నవ్వింది. సిరిల్ గురి తప్పింది. కప్పు పోయింది. అతను కోటు తొడుక్కుంటూ, "నా బుర్ర మెల్లగా పనిచేస్తుంది నార్మన్. దాన్ని ఇన్నేళ్లుగా నలుగురిలో పెట్టి నవ్విస్తున్నావు" అన్నాడు. అది అతన్ని బాధపెడుతోందని నాకు అంతవరకూ తెలియదు. నిజంగా తెలియదు.

సోమవారం 28న పదకొండు గంటలకు పంది మాంసం కూరి కాల్చిన రొట్టె ఒకటి కొని వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య మేవిస్ తలుపు తీసింది.

"ఇకమీదట నీ వంతులో నోరెత్తను" అన్నాను సిరిల్‌తో.

"ఎత్తితే?"

"ఆ ఆట నీదే."

"మేవిస్, విన్నావుగా. నువ్వే సాక్షి."

"ఇతను నోరు మూసుకోవడమా, చూద్దాం" అంది మేవిస్. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రొట్టె ముగ్గురం పంచుకుని తిన్నాం.

మార్చి 1, మంగళవారం, 1.05కి ఆట మొదలుపెట్టాం. 1.50కి నేను తెల్లబంతిని గోధుమరంగు బంతి వెనక దాచేశాను. దానితో కొట్టాల్సిన ఎర్రబంతి దానికి కనిపించే దారి లేదు. సిరిల్ చూసి, "చంపావు కదరా" అని కుర్చీలో కూర్చున్నాడు. అతను మాట్లాడిన ఆఖరి మాట అదే. కర్ర, చేతులు, గడ్డం, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

నేను మాట్లాడలేదు. గ్లాసు చప్పుడవుతుందని బీరు కూడా మెల్లగా తాగాను. 2.05కి క్లబ్బు చూసుకునే బ్రెండా అతనికి టీ తెచ్చిపెట్టి ఏదో అనబోయింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. ఆఫీసరుగారూ, ఆ వేలు నాదే. 2.12కి అతని చేతిలోంచి సుద్దముక్క జారి నా బూటు దాకా దొర్లింది. తీసి, చప్పుడు కాకుండా బల్ల అంచున పెట్టాను. 2.16 దాటాక, తన ఇరవై ఆరు నిమిషాలను తానే దాటేశాడని ముచ్చటపడ్డాను. నోరు కట్టుకుని కూర్చున్నందుకు నన్ను చూసి నేనే గర్వపడ్డాను కూడా.

2.31కి బ్రెండా మళ్లీ వచ్చింది. టీ మీద మీగడ కట్టి ఉంది. "సిరిల్ గారూ, చల్లారిపోయింది, ఇంకోటి తేనా?" అని భుజం మీద చెయ్యి వేసింది. కర్ర పక్కకు పడిపోయింది.

గుండె ఆగిందని, ఏ నిమిషంలో ఆగిందో చెప్పలేమని డాక్టరు అన్నారు. ముందే చూసి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆయన బ్యాగు మూసుకున్నారు. నలభై నిమిషాలు పక్కనే ఉండి ఎందుకు పలకరించలేదని మీరు అడిగారు. మాట ఇచ్చాను కాబట్టి. మేవిస్ కూడా అదే అడిగింది. "ఎప్పుడూ అడిగేదే కదా నార్మన్, ఆ ఒక్కరోజూ అడగలేకపోయావా?" అంది.

ఒక సంగతి దాచకూడదు. అంబులెన్సువాళ్లు రాకముందు నేను అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఒరే సిరిల్, ఉన్నావా, పోయావా?" అని అడిగాను. రెండుసార్లు అడిగాను. బ్రెండా విన్నది. అప్పటికి వంతు ఇంకా అతనిదే.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒక్కచోట తప్ప. "ఆట మధ్యలో ఆగిపోయింది" అని రాసిన చోట "సిరిల్ ఓల్డ్‌రాయిడ్ గెలిచాడు" అని దిద్దమన్నాను. దిద్దారు. ఆ దిద్దుబాటు పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలు నావే.

(సం.) నార్మన్ హెప్‌వర్త్