బతికున్న మనిషికి కొట్టిన గంట

పాటల పోటీ ఆఖరి రోజు. స్టూడియో వెనక మేకప్ గది. అద్దం ముందు కూతురు కూర్చుని ఉంది. తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లోపలికి రా నాన్నా. గుమ్మంలో నిలబడితే వచ్చేపోయేవాళ్ళు తగులుతున్నారు."

"ఇక్కడే బాగుంది."

"పావుగంటలో పిలుస్తారు. చొక్కా మార్చుకోలేదేం? తెల్లది ఇచ్చారుగా."

"ఇచ్చారు."

"ఇస్తే మరి?"

"ఒక్క మాట చెప్పడానికి ఏ చొక్కా అయితే ఏంటమ్మా."

"ఒక్క మాటా? మూడు మాటలు. నిన్న ఫోన్లో చదివి వినిపించానుగా. కొవ్వొత్తి వెలిగిస్తావు, అమ్మ ఫొటో వైపు చూస్తావు, పోయేముందు అమ్మ ఏమందో చెప్తావు..."

"నేను చెప్పేది ఒకటే. 'ఈ పిల్ల తల్లి బతికే ఉంది.'"

"నాన్నా! తలుపెయ్యి."

"ఎందుకు?"

"ముందు వెయ్యి. నీకు దణ్ణం పెడతా."

"వేశాను."

"ఇప్పుడు చెప్పు. ఏమన్నావు?"

"బతికే ఉంది అన్నాను. పొద్దున పాలు తాగించి, పక్క మార్చి వచ్చాను. బతికున్న మనిషిని బతికుందనడానికి తలుపులెయ్యాలా?"

"సరే, చెప్పు. చెప్తే ఏమవుతుంది?"

"పంపేస్తారు."

"పంపేస్తే పోనీ. ఆరు నెలలు ఇంతమందిని ఏడిపించావే, అంతా అబద్ధమా అని ఆ స్టేజీ మీదే నిలబెట్టి అడుగుతారు. ఆ ముక్కే తిప్పితిప్పి వేస్తారు. ఇక ఏ స్టూడియో వాడూ నా గొంతు వినడు. అమ్మ నడుం ఆపరేషను ఎవరు చేయిస్తారు? నీ చర్చి గంటా?"

"గంట మాట ఎత్తకు."

"ఎత్తుతాను."

"ఎత్తొద్దన్నానా!"

"అరవకు. బయట వింటారు. ఏమైంది నాన్నా గంటకి?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే అలా అరిచావెందుకు?"

"నువ్విక్కడ పోటీవాళ్ళ హాస్టల్లో ఉన్నావు. నీకు తెలీదు. టీవీలో నిన్ను చూసి సంఘంవాళ్ళు అందరూ చర్చి దగ్గర నా చుట్టూ చేరారు. 'ఇంత దుఃఖం ఒక్కడివే మోశావా, మాకు ఒక మాట చెప్పకూడదా' అని చేతులు పట్టుకున్నారు. వాళ్ళకి మీ అమ్మ మొహం తెలీదు. ఈ ఊరొచ్చాక మంచం దిగింది ఎప్పుడు గనక? పోయినావిడ కోసమని ఆదివారం ఆదరణ కూడిక పెట్టారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. అందరూ లేస్తే లేచాను."

"అంతేగా?"

"పాస్టరుగారు గంట కొట్టమన్నారు. పోయినవాళ్ళకి ఎన్నేళ్ళుంటే అన్ని కొడతాం, తెలుసుగా. కొట్టేవాణ్ణి నేనేనాయె."

"కొట్టావా?"

"కొట్టాను."

"అమ్మకా?"

"వద్దనడానికి నోరు రాలేదు. తాడు పట్టుకున్నాక చెయ్యి దానంతటదే పోయింది. రెండు వీధుల అవతల మీ అమ్మ మంచంలో పడుకుని వింది. నేనింటికి వెళ్ళేసరికి గుమ్మం వైపే చూస్తోంది. 'నలభై నాలుగు కొట్టావేం? నాకింకా నలభై రెండేగా' అంది."

"అమ్మ అలా అందా?"

"అని నవ్వింది. నవ్వి, మొహం అటు తిప్పుకుంది. మూడు వారాలైంది. తాగిస్తే తాగుతుంది. పక్క మారిస్తే మార్పించుకుంటుంది. నాతో మాట లేదు. చర్చిలో ప్రభువు బల్ల నాడు, ఈ అబద్ధం పెట్టుకుని నేను ఏదీ ముట్టలేదు. రొట్టె పళ్ళెం నా ముందుకొస్తే పక్కాయన చేతిలో పెట్టాను. ఆయన నా భుజం తట్టాడు. దుఃఖంలో ఉన్నాననుకున్నాడు పాపం."

"నాన్నా, ఇంక చాలు. నాకు..."

"ఏడవకు. నేను చూసుకుంటాను. ఒక్క మాట. అంతే. ఎవరో తలుపు తీస్తున్నారు."

"ఏంటమ్మా ఇది? ఇప్పుడే ఏడ్చేస్తే ఎలా! అదంతా స్టేజీ మీదకి దాచుకో. పెద్దాయనా, మీరింకా చొక్కా మార్చలేదా?"

"షోకి మా కథలు రాసే అన్న వచ్చాడు. నువ్వు మాట్లాడకు నాన్నా."

"ఇదిగోనమ్మా, మెడలో వేసుకో. కొంచెం పెద్ద సిలువ తెప్పించాను, కెమెరాకి ఆనాలి."

"మొదటి వారం దాని మెడలో చిన్నది ఉంటే తీయించావుగా బాబూ."

"అప్పుడు వద్దన్నారండీ. ఇప్పుడు కొవ్వొత్తి ఉందిగా, దానికి బాగుంటుందని కావాలన్నారు. నాదేముంది, పైవాళ్ళు ఎలా అంటే అలా."

"నడవాలో దాని తల్లి ఫొటో చూశాను. మనిషంత చేసి నిలబెట్టారు."

"బాగా వచ్చింది కదండీ?"

"ఆవిడ నిలబడి రెండేళ్ళయింది."

"అంటే?"

"నాన్నా, వద్దు!"

"బతికే ఉంది బాబూ. మెట్ల మీంచి పడి నడుం పోయింది, ప్రాణం పోలేదు."

"పెద్దాయనా, హాస్యాలకి ఇదా టైము?"

"నేను హాస్యమాడే మనిషిలా ఉన్నానా?"

"ఏమ్మా, ఏంటి ఈయన అనేది? అలా చూస్తావేం? ఏదో ఒకటి చెప్పు!"

"నిజమే అన్నా."

"దేవుడా! నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

"ఒట్టు కూడా ఎందుకులే. ఈ కథ వండింది నువ్వేగా."

"నేను వండలేదండీ! నా చేతికిచ్చిన కాగితంలో అలా ఉంది. అది చూసే అడిగాను. మీరు తలూపారు."

"కెమెరా మొహం మీద పెట్టి, 'ఆవిడ లేని లోటు ఎలా ఉంది' అన్నావు. వెనక నుంచి ఇది నా చొక్కా లాగింది. ఊపాను. ఊపిన తల ఊపినట్టే ఉంది బాబూ, మెడ మీద నిలవడం లేదు. ఇవాళ దింపేస్తాను."

"ఇవాళ వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను. మూడొందల మంది వచ్చి కూర్చున్నారు. ఈ ఒక్క పూట దాటించండి. రేపు పొరపాటైందని చెప్పుకుందాం, ఎల్లుండి చెప్పుకుందాం."

"నా భార్య రేపటిదాకా చచ్చి ఉండాలా?"

"అమ్మా, నువ్వు చెప్పు మీ నాన్నకి. ఐదు నిమిషాలే ఉంది. నేను ఈ గదిలోకి రాలేదు. నేనేమీ వినలేదు. నాకిద్దరు పిల్లలు. తలుపు వేసి వెళ్తున్నా."

"చూశావా తల్లీ? ఎంత బెదిరాడో. తప్పు చేసినవాడు కాబట్టి బెదిరాడు."

"ఆయన్ని ఏమీ అనకు నాన్నా."

"అననా? స్టేజీ ఎక్కి ఆ మాటే ముందు చెప్తాను. నీకు మచ్చ రాకుండా చెప్తాను. ఈ అబద్ధం నా కూతురిది కాదు, ఆ అబ్బాయి పుట్టించాడు, వేలెత్తి చూపిస్తాను. నువ్వు నా పక్కన నిలబడు చాలు."

"అలా చెప్పకు. ఆయన ఉద్యోగం పోతుంది."

"పోనీ. నా ఇంటిదాన్ని చంపినవాడికి ఉద్యోగం ఒకటా?"

"ఆయన చంపలేదు."

"వాడు కాకపోతే ఎవరు? నువ్వా?"

"ఈ సిలువ కొక్కెం పెట్టు నాన్నా, టైమైపోతోంది."

"నా వైపు చూడు. నువ్వా? నీ నోటితో నువ్వే చెప్పావా?"

"నేను కాదు. కానీ ఆపలేదు."

"ఎవర్ని ఆపలేదు?"

"వదిలెయ్ నాన్నా. తలుపు కొడుతున్నారు, పిలుస్తున్నారు."

"కొట్టనీ. ఎవర్ని ఆపలేదు?"

"రెండేళ్ళు వరసగా ఈ పోటీవాళ్ళు నన్ను తిప్పి పంపారు, గుర్తుందా? మూడోసారి ఇంటికి ఫోన్ చేశారు. నువ్వు చర్చిలో ఉన్నావు. నేను కుళాయి దగ్గర్నుంచి బిందె ఎత్తుకుని వచ్చేసరికి అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది."

"ఉంటే?"

"అమ్మాయి వాళ్ళమ్మగారు ఉన్నారా అని అడిగారు. 'ఆవిడ పోయి ఏడాదైంది బాబూ, నేను పక్క వాటా దాన్ని' అంది. ఫోన్ పక్కన పడేసి, నా వైపు చూసి, 'గొంతుంది, కథే లేదన్నారుగా. ఇప్పుడుంది, పో' అంది నాన్నా."