తుపాకి లేని తిప్పేష్

రాయదుర్గం రోడ్డు మలుపులో, తుపాకి విరిగిన సిమెంటు జవాను కింద ముగ్గురే మిగిలారు: రెండేళ్ల కిందట సరిహద్దులో చనిపోయిన తిప్పేష్ భార్య జయంతి, తల్లి మారెక్క, రిటైర్డ్ సుబేదారు హనుమంతరాయుడు. తెర తీయడానికి మంత్రి రావలసిన టైముకు ఇంకా గంట ఉంది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు మామా. నీ కాళ్లు పట్టుకుంటా."

"పక్కకు జరుగు జయంతీ. ఎస్సై కంప్లయింట్ కోసం కాచుకోనుండాడు. విగ్రహం కమిటీ అధ్యక్షున్ని నేను. నేనే ఇయ్యాల."

"ఆంజి చేయలేదు."

"సమ్మెట ఎవురిది? ఈడ, ఈ గద్దె కిందనే దొరికింది. పిడి మీద పేరు కాల్చి రాసుకున్నాడు గదా నీ మరిది."

"చేండ్ల కంచెలకు రాతి కూసాలు కొట్టేటోని సమ్మెట అది. దినామూ మా ఇంటి ముందర పడుంటాది. ఎవురైనా ఎత్తుకోని పోవచ్చు."

"పోయిన శుక్రవారం ఈన్నే నిలబడి, ఊరంతా వింటాండంగా, పగలగొడతా అనింది ఎవురు? నేనా?"

"వాడు పగలగొడతా అనింది నీ పేరుండే బండను. విగ్రహాన్ని కాదు. చదువు మామా ఆ బండ, చదువు. మంత్రి పేరు. ఎమ్మెల్యే పేరు. నీ పేరు. సిమెంటిచ్చిన అంగడాయన పేరు. నా మొగుని పేరు యాడుండాది? అడుగున, చీమ తలంత. సచ్చింది ఆయప్పా, మీరా?"

"మాట జారొద్దు. బండ సంగతి తర్వాత చూద్దాం."

"ఆంజి కొట్టింటే ఆ బండ తునకలు తునకలైండేది. గీటైనా పడిందా? నీ పేరు మీద దుమ్ము కూడా వాలలేదు."

"అంటే, నా పేరు బాగుండాది కాబట్టి నేనే కొట్టినా అంటావా?"

"నేనట్ల అనలేదు."

"అను. అదొక్కటే తక్కువ."

"అత్తా, నువ్వైనా అడుగు ఈయప్పను. ఏమిటికట్ల కూచున్నావు? నీ చిన్నకొడుకును జీపులో ఎక్కించుకోని పోయి రెండు గంటలాయ."

"అడిగితే ఇడుస్తాడా?"

"అడక్కుండా ఎట్ల తెలుస్తాది?"

"ఉండనీలే పాపా. స్టేషను ఎంత దూరం, ఆరు మైళ్లు. సద్ది కట్టుకోని పోయి చూసొద్దాం."

"సద్దా? అత్తా, సోమవారం గుంతకల్లులో రైలెక్కాల వాడు. రన్నింగయింది, మెడికలయింది, అగ్నివీరు కాగితం చేతికొచ్చింది. ఇప్పుడు కేసు పడితే..."

"పడితే అంతే. ఈ రోడ్డు మీద పరిగెత్తే పిల్లోళ్లకు దినామూ పొద్దున్నే చెప్తానే ఉండా. మోకాలు పగిలితే అతుకుతాది, ఒక్క కేసు పడిందా, పటాలం గేటు మూసినట్లే. మారెక్కా, నువ్వూ విన్యావు గదా, వాళ్లకు రాగిజావ పోసేటప్పుడు?"

"విన్యానన్నా. దినామూ విన్యాను."

"నాలుగేండ్లు ఆంజిగాని వెనకాల సైకిల్ తొక్కినా నేను. నాకు మాత్రం బాధ లేదా? కానీ జవాను చేతిలో తుపాకి విరగ్గొట్టినాడు. ఇరవై ఎనిమిదేండ్లు ఆ డ్రస్సు వేసుకున్నోన్ని. సొంత తమ్ముడైతే ఏమి, మాఫీ లేదు."

"మాఫీ అడగలేదు మామా. బుర్ర వాడమంటాండా. విగ్రహానికి కప్పిన తెర ఎట్లుండాది చూడు."

"కింద పడుండాది."

"పడిలేదు. నాలుగు మడతలు పెట్టి, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టినారు. పగబట్టినోడు మడతలు పెడతాడా?"

"మడతలు నువ్వు చూడు, నేను ముఖం చూసినా. కండ్లకు గుడ్డ కట్టినారు. గోడ కాడ నిలబెట్టి కాల్చేటోనికి గంతలు కడతారే, అట్ల. దాన్ని చూసే నా రక్తం మండింది."

"గుడ్డ యాడుండాది?"

"ఎస్సై తీసుకోని పోయినాడు. పచ్చంచు చీర ముక్క."

"పచ్చంచా?"

"ఏం? గుర్తుకొచ్చిందా? మీ ఇంట్లోదే గదా?"

"మా ఇంట్లోదే."

"చూస్తివా. నీ నోటితో నువ్వే చెప్తివి."

"ఎట్ల కట్టిండారు మామా? గట్టిగానా?"

"గట్టిగానో వదులుగానో, ఏమిటికి ఆ ఆరా?"

"చెప్పు మామా. నీ చేత్తోనే గదా ఇప్పినావు."

"వదులుగా. వెనకాల ఒక్క ముడి. లాగితే ఊడొచ్చె."

"ముక్కు?"

"ముక్కేమి?"

"ముక్కు మూసిండారా, ఇడిచిండారా?"

"ఇడిచిండారు. ముక్కూ నోరూ ఇడిచి కండ్ల వరకే కట్టిండారు. ఏం జయంతీ, నీకేమన్నా తెలుసునా?"

"అత్తా. నా మొగుడు చంటిబిడ్డప్పుడు నువ్వు చెనిక్కాయలు ఒలిచే మిషను కాడికి కూలికి పోతాంటివి గదా. చెట్టు కింద పండబెట్టి, ముఖానికి ఏం చేస్తాంటివి?"

"ఇప్పుడు ఆ మాటలేమిటికి పాపా."

"పెండ్లయిన కొత్తలో నువ్వే చెప్పినావు. ఏం చేస్తాంటివి?"

"మిషను ఆడితే దుమ్ము లేస్తాది. కండ్లలో పడతాది. దానికేముంది, అందరు తల్లులూ చేస్తారు."

"ఇద్దరూ ఊరుకోండి. ఎస్సై ఫోను. చెప్పండి సార్. ఎప్పుడు? అట్లనా? సరే సార్. సంతకం పెట్టి తెస్తాండా."

"ఏమంటాడు మామా?"

"అయిపాయ. ఆంజిగాడు ఒప్పుకున్నాడు."

"ఏమని?"

"నేనే కొట్టినానని. గంట సేపు నేను కాదు, నేను కాదు అన్నాడంట. ఆ గుడ్డ చేతికిచ్చి చూడమన్నారంట. చూసినాడు. వెంటనే, నేనే అన్నాడంట."

"విన్యావా అత్తా? గుడ్డ చూసి ఒప్పుకున్నాడు. అంతవరకూ ఒప్పుకోలేదు."

"అన్నా, వాన్ని కొట్టలేదు గదా?"

"చెయ్యి కూడా వేయలేదంట మారెక్కా. రేపు కోర్టులో పెడతారు. ఆన్నించి జైలుకు."

"జైల్లో చూడనిస్తారా?"

"వారానికొకతూరి చూడనిస్తారు."

"ముఖం చూడనిస్తారా?"

"ముఖం చూడక ఇంకేం చూస్తారు? ఏం మాటలివి?"

"తిప్పేష్‌ది చూడనీలేదు గదన్నా. పెట్టె బిగించి తెచ్చినారు. తెరవమని నేను మీద పడితే, నా రెక్క పట్టుకోని లాగింది నువ్వే."

"తెరిచేట్లు లేదు మారెక్కా. చూసింటే తట్టుకోలేకుంటివి."

"చూడలేదు, తట్టుకున్యానా? అందుకే ఈ విగ్రహంలో ముఖం ఒకటి వాని మాదిరి చేపించమంటి. చేతులు ఖాళీగా ఉంచమంటి. ఎవురన్నా విన్యారా? బతికినన్ని దినాలు మోసినాడు. సిమెంటైనాక కూడా మోయాల్నా?"

"తుపాకి లేకపోతే జవాను ఎట్ల అవుతాడు?"

"నా కొడుకు అవుతాడు."

"ఇప్పుడు అది కాదు గదా మాట. జరుగు, నేను స్టేషనుకు పోవాల."

"ఆగు మామా. అవి గంతలు కాదు. సిమెంటు పొడి కండ్లలో పడకుండా కట్టిన గుడ్డ అది. ఊపిరాడాలని ముక్కు ఇడిచినారు. సిమెంటు బొమ్మకు ఊపిరి. అవమానం చేసేటోనికి అది తోస్తాదా? ఆంజికైనా తోస్తాదా?"

"అయితే ఎవురు? పేరు చెప్పు. ఈ కాగితంలో ముద్దాయి పేరు రాయాల, ఖాళీగా ఇస్తే ఎస్సై తీసుకోడు. మంత్రి కారు కళ్యాణదుర్గం దాటిందంట. ఆంజి అని రాయాల్నా, వద్దా?"

"అత్తా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"జైలైతే తిరిగొస్తాడు పాపా."

"వస్తాడు. అన్న విగ్రహం పగలగొట్టినోడని పేరు మోసుకోని వస్తాడు. చేయని పనికి. ఆ చీర ఎవురిదో, ఎవురి కోసం ఒప్పుకున్నాడో నీకు తెలుసు, నాకు తెలుసు, వానికి తెలుసు. అట్ల తిరిగొచ్చినోని ముఖం నువ్వు చూడగలుగుతావా?"

"నాలుగేండ్లు పరిగెత్తినాడు వాడు."

"పరిగెత్తినాడు. కాళ్లకు ఆముదం పూసింది నువ్వే."

"అన్న పోయినాక కూడా ఆపలేదు. ఎంత తిట్టినా ఆపలేదు. నేనేం చేయాల పాపా? యా దేవునికి చెప్పుకోవాల?"

"దేవునికొద్దు. ఈయప్పకు చెప్పు."

"ఏంది జయంతీ ఇది? మారెక్కా, ఏం జరిగింది?"

"పెన్ను తీయన్నా. ఒక్క కేసు పడితే గేటు మూస్తారని నువ్వే చెప్తివి, వీడైనా నాకు మిగులుతాడని దాన్నే నమ్ముకుంటి. వాడు శుక్రవారం కోపంగా అన్న మాటనూ, ఇంటి ముందర సమ్మెటనూ, రెండూ నేనే వాడుకుంటి. ఆంజి పేరు రాయొద్దు, వాన్ని రైలెక్కించు. తుపాకి విరగ్గొట్టింది మారెక్క. పక్కన తిప్పేష్ వాళ్లమ్మ అని కూడా రాయి, ఆ బండ మీద మీ పేర్లంత పెద్దగా."