మందుచీటీ లేని చికిత్స: మా సల్మా గారి ముప్పై ఏళ్ళు

1995 జులై మూడవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి సల్మా బేగం గారు సిద్దిపేట ప్రభుత్వ దవాఖానలో సామాజిక కార్యకర్తగా విధుల్లో చేరారు. మూడు దశాబ్దాల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ పొందుతున్న వారిని గురించి రాసే భాగ్యం నాకు దక్కినందుకు, దాచుకోలేనంత ఉత్సాహంతో కలం పట్టాను.

తొలి ఎనిమిదేళ్ళు వార్డుల్లో రోగుల బంధువులకు ధైర్యం చెబుతూ గడిపిన వారు, 2003లో హైదరాబాదులో ప్రవర్తనా చికిత్సలో శిక్షణ పొంది వచ్చి, మా మందుల గది పక్కనే ఒక చిన్న గదిలో కౌన్సెలింగ్ ప్రారంభించారు. మనసు మారితే నడవడి మారుతుందని మనమంతా ఎదురుచూస్తాం. రోజూ చేసే ఒక చిన్న పనిని మార్చి చూడండి, మనసు దాని వెంట వస్తుందని వారు బోధించారు. మాత్ర ఇవ్వకుండా మనిషి ఎట్లా బాగుపడతాడన్న సందేహం, ఫార్మసిస్టునైన నాకు చాలాకాలం ఉండేదని ఒప్పుకుంటున్నాను.

అది తీరింది 2009లో. నంగునూరు రైతు పోశయ్య, బిడ్డ పెండ్లిలో పదిమంది ముందు తన భార్య కొమురవ్వను కసిరారు. ఆనాటి నుంచి పదకొండు నెలలుగా ఒకే ఇంట్లో వారికి మాటల్లేవు. ఆమె పుట్టింటికి వెళ్ళిపోవడానికి బట్టలు సర్దుకుంటున్న రోజుల్లో, నిద్ర పట్టడం లేదంటూ వచ్చిన పోశయ్యను డాక్టరు గారు సల్మా గారి వద్దకు పంపారు.

"ముందుగాల ఆమెనే మాట్లాడాలె మేడం," అన్నారాయన.

"మీరు మాట్లాడకుండ్రి. రోజూ పొద్దుగాల చాయ చేసి ఆమె ముందర పెట్టుండ్రి. తాగినా, తాగకున్నా వారం దాక ఆపొద్దు."

"నాకు చాయ పెట్టరాదు."

సల్మా గారు మా సిబ్బంది స్టవ్వు మీద అప్పటికప్పుడు ఆయన చేత చాయ పెట్టించారు. నేనూ తాగాను. బాగాలేదు.

నాలుగు రోజులు కొమురవ్వ గ్లాసు ముట్టకుండానే చాయ చల్లారింది. అయిదవ రోజు మొదటి బస్సుకే పోశయ్య దిగారు.

"మాట్లాడింది మేడం. చక్కెర ఎక్కువైందన్నది."

"మరి మీరేమన్నరు?"

"తప్పయిందన్న. చాయకు కాదు, గా పెండ్లినాడు అన్న మాటకు."

చెబుతూ ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మరుసటి వారం దంపతులిద్దరూ కలిసి వచ్చారు. ఆమె ప్రయాణం ఆగిపోయింది. ఆ రోజు నుంచి నేను సల్మా గారి శిష్యుణ్ణి.

సిద్దిపేట జిల్లా అయిన తర్వాత ఆ గది ముందు వరుస పెరిగింది: పరీక్షలంటే వణికే పిల్లలు, ఫోను వదలలేని తండ్రులు, పంతం వీడని అత్తాకోడళ్ళు. కరోనా కాలంలో వారు ఇంటి నుంచే ఫోనులో ఊరట పంచారు. వారు వెళితే ఆ గదికి తాళం పడుతుందేమోనని మేమంతా బెంగపడ్డాం. కానీ రెండేళ్ళుగా వారి దగ్గరే శిక్షణ పొందిన సిస్టర్ సంగీత ఆగస్టు ఒకటి నుంచి ఆ కుర్చీలో కూర్చోబోతున్నారని తెలిసిన నాడు, మా విభాగమంతా మిఠాయి పంచుకుంది.

ఇన్నేళ్ళు ఎందరి ఇళ్ళలోనో మాట కలిపిన సల్మా గారికి, ఇకపై భర్త హనీఫ్ గారితో తీరికగా మాట్లాడుకునే ఉదయాలు లెక్కలేనన్ని దక్కాలని, దేహారోగ్యమూ మనశ్శాంతీ వారిని విడవకుండా దీర్ఘాయుష్షుతో వర్ధిల్లాలని మా అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

— రమేశ్, ఫార్మసిస్టు