ఖాళీ ఉంచిన వరస

గల్ఫ్‌లో మహూజ్ అనే చోట సలీమా మేడం ఫ్లాటు, వంటింటి పక్క పనిమనిషి గది. శుక్రవారం పొద్దున. దానమ్మ, ఆమె కోడలు రోజీ.

"సంచిలో ఒక్క చెప్పే ఉందేంటత్తా? రెండోది ఏది?"

"రెండోది నా దగ్గరుంటుంది. పాతవేలే. తలనొప్పి బామ్ పెట్టానా?"

"పెట్టావు. మూడుసార్లు చూసుకున్నావు. ఒంటి చెప్పుతో ఊళ్ళో నేనేం చేసుకోను?"

"ఏం చేసుకోనక్కర్లేదు. అడుగున పడుంటుంది. దాని జత ఇక్కడుంటే మనిషి తిరిగొస్తుంది."

"మళ్ళీ మీ సలీమా మేడం పుస్తకమా?"

"మేడంది కాదు, వాళ్ళ వంశానిది. యూదుల వంశం. తొమ్మిది వందల ఏళ్ళ నాటి సంగతులు. పెద్దవాళ్ళు ఊరికే రాసిపెట్టరు."

"సరే, సరే."

"సరే కాదు, విను. వాళ్ళ మొదటాయన ఇస్సాకు. ముత్యాల కోసం బస్రాలో ఓడెక్కి ఇటే వస్తున్నాడు. ఓడ పగిలింది. వాళ్ళమ్మ ఆయన చెప్పు ఒకటి ఇంట్లో దాచింది కదా, అది గడప దగ్గర టకటకా కొట్టుకుందంట. నీళ్ళలో ఉన్న రెండోది ఆ చప్పుడు విని ఈదుకుంటూ వచ్చిందంట. దాన్ని పట్టుకుని ఇస్సాకు..."

"చెప్పు పట్టుకుని సముద్రం దాటాడా? మన మలికిపురంలో పడవలోళ్ళకి చెప్పకు, కొబ్బరిడొక్కలతో కొడతారు."

"నవ్వు, నవ్వు. కళ్ళు బాగున్నప్పుడు మేడం చదివి అరబ్బీలో చెప్పేది. నేను తెలుగులో రాసుకునేదాన్ని. బడి మొహం చూడనిదాన్ని, కిరాణా పొట్లాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రెండు నోటుబుక్కులు నింపాను."

"మీ అబ్బాయి సంచిలోనూ ఇలాగే పెట్టావు."

"నీలం రంగువి. ఒకటి పెట్టాను, ఒకటి దాచాను."

"తొమ్మిదేళ్ళయింది. కొట్టుకుందా మరి అది?"

"ఆ పాలపొడి డబ్బా బట్టల మధ్యన పెట్టు. ముప్ఫై కిలోలు దాటితే ఎయిర్‌పోర్టులో తీసెయ్యమంటారు."

"అత్తా, నేనొకటి అడగాలని..."

"సబ్బులు పక్కకి జరుపు."

"అత్తా. విమానం మూడింటికి. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాను? ఊళ్ళో పాస్టరుగారు ఒప్పుకున్నారు. మనిషి కనబడక ఏడేళ్ళు దాటింది కదా అన్నారు. కాని ఏబెల్ తల్లి చేత ఒక్క ముక్క రాయించుకురమ్మన్నారు. 'నా కొడుకు ఇక రాడు' అని. అంతే. అది లేకపోతే థామస్‌తో నా పెళ్ళి చెయ్యరు."

"గుదైబియాలో వ్యాను నడుపుతాడు, ఆ థామసేగా?"

"ఎన్నిసార్లడుగుతావు? ఆయనే. మంచోడని నువ్వే అన్నావు."

"అన్నాను. మంచోడే."

"మరి రాయి."

"ఎలా రాస్తానే? వస్తాడేమో."

"నిజంగా వస్తాడనుకుంటున్నావా?"

"మేడం వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. సంచి ఎవరు సర్దితే వాళ్ళే పుస్తకంలో రాస్తారు. వెళ్ళిన రోజు రాసి కింద ఒక వరస ఖాళీ ఉంచుతారు. వచ్చాడనో, రాలేదనో ఆ చేత్తోనే రాయాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఏబెల్ సంచి నేనే సర్దాను."

"అది వాళ్ళ పద్ధతి. మనది కాదు."

"నాకు వేరే పుస్తకం ఎక్కడుంది? ఆ నోటుబుక్కు చివరే వాడి పేరూ రాసుకున్నాను."

"ఆ వరస ఖాళీగా ఉంటే వాళ్ళలో పెళ్ళాం ఏమవుతుంది?"

"ఏమవుతుంది? ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎస్తేరని ఒకావిడ ఉండేది. మొగుడు యూసుఫ్ ముత్యాల పడవెక్కి వెళ్ళాడు. అత్త హన్నా ఆ వరస నింపలేదు. నలభై ఏళ్ళు."

"నలభై ఏళ్ళా! చివరికేమైంది?"

"చివరికి... సబ్బులు ఎన్ని పెట్టాం?"

"పన్నెండు. చివరికి?"

"ఏదో అయింది. పుస్తకంలో ఉంది. నీకెందుకులే ఇప్పుడు."

"నా మీద కోపమా అత్తా?"

"నీ మీద నాకెందుకు?"

"మీ అబ్బాయికుంది. వీసా ఇచ్చిన కఫీల్‌ని వదిలేసి, కాగితాల్లేకుండా చేపల పడవెక్కుతానంటే పోట్లాడాను. వెళ్తే మళ్ళీ నీ మొహం చూపించకు అన్నాను. అందుకే వెళ్ళిన నెలన్నరకి, ఆ క్రిస్మస్‌కి నీకు ఫోన్ చేశాడు, నాకు చెయ్యలేదు. బాగున్నానని నీతో చెప్పి పెట్టేశాడు. ఆ ఒక్క ఫోనూ పట్టుకుని ఇన్నాళ్ళున్నాను. కోపం తగ్గితే వస్తాడులే అని."

"ఆ చీర మడత విప్పకు. మళ్ళీ ముడతలు పడుతుంది."

"నువ్వు ఒక్కదానివే అయిపోతావని నాకూ ఉంది. జుఫైర్‌లో హోటలు డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా ప్రతి శుక్రవారం నీ దగ్గరికి వచ్చాను. ఒక్క వారం మానానా?"

"మానలేదు. కన్నకూతురైనా అలా రాదు. అందుకే..."

"అందుకే?"

"ఏం లేదు. జిప్పు లాగు."

"నా చెప్పు ఇస్తే లాగుతాను. మంచం కింద రేకుపెట్టెలో పెట్టుంటావు."

"పెట్టె లాగకు. బరువు. నడుం పట్టేస్తుంది."

"నా నడుమేగా."

"రోజీ, వద్దు. నేను తీసిస్తాను. నువ్వలా కూర్చో."

"వచ్చేసింది, తాళం కూడా లేదు. ఇదిగో నాది. ఇవి ఏబెల్‌వి కదూ?"

"మూసెయ్యి."

"నీలం రంగువి. అత్తా, ఒకటే దాచానన్నావు."

"ఒకటే దాచాను."

"రెండోది ఆయన సంచిలో వెళ్ళింది."

"వెళ్ళింది."

"మరి ఇక్కడ రెండున్నాయేంటి?"

"కూర్చో రోజీ."

"కూర్చోను. రెండున్నాయేంటి? దీనికి ఉప్పు పట్టుంది."

"మంగరాజు తెచ్చిచ్చాడు. ఆ పడవలో వాడితో కలిసి పనిచేసినవాడు. ఈ వంటింటి తలుపు దగ్గర నిలబడే చెప్పాడు. ఇది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వాడికీ కాగితాల్లేవు. మళ్ళీ కనబడలేదు."

"ఏం చెప్పాడు?"

"మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు. ఆ హన్నా కూడా ఇలాగే పెట్టెలో దాచిందా? అందులో ఏం దొరికింది, అత్తా?"

"జత. ఆవిడ చచ్చిపోయాక ఎస్తేరే పెట్టె తెరిచింది. కొడుకు పోయాడని తెలిస్తే కోడలూ ఇల్లు వదిలి పోతుందని దాచుకుంది. అది రాసుకుంటూ మేడంతో అన్నాను, ఇదేం ఆడది, దీనికి గుండె లేదా అని. అప్పటికి ఏబెల్ ఇంకా ఇక్కడే ఉన్నాడు."

"పెన్ను ఎక్కడుంది?"

"ఏడువు. కొట్టు నన్ను. ఏదో ఒకటి అను."

"విమానం మూడింటికి. పెన్ను ఎక్కడుంది?"

"కిటికీలో ఉంది. ఇటియ్యి. నువ్వు రాయకూడదు, నేనే రాయాలి."

"ఆ ఖాళీ వరసలో రాయి, పైకి చదువుతూ. ఆ పేజీ పాస్టరుగారికిస్తాను."

"ముందు నీ రెండో చెప్పు సంచిలో పెట్టుకో."

"పెట్టాను."

"జతగానే పెట్టావా?"

"జతగానే. రాయి."

"ఏబెల్, దానమ్మ కొడుకు. రెండువేల పదహారు నవంబరు పదకొండున వెళ్ళాడు. ఆ నెల ఇరవై తొమ్మిదిన సముద్రంలో చనిపోయాడు. తిరిగి రాలేదు."