కొండవతల పెళ్లికొడుకు

కప్ప అరిస్తే అంత సిరాకేటే గుంటా? అరవనీ. ఆ అరుపింటే నాకు మా తవిటమ్మొదినే గేపకమొస్తాది. నువ్వెరగవు, మీ యమ్మ పుట్టకముందే పోనాది. అరవైల ఆఖర్న, వానల్లేక మా సుట్టుపక్కల మళ్లన్నీ నెర్రలిచ్చీసిన రోజులవి. వాన కోసం కప్పల పెళ్లి సేస్తారు కదా, మా ఊర్ల ఆ పెళ్లికి పెద్ద తవిటమ్మొదినే. ఒలమ్మ, ఏటి పట్టింపనుకున్నావు! "ఒకే గెడ్డ నీటిల పుట్టినవి అన్నాసెల్లెళ్లవుతాయే, పాపం సుట్టుకుంటాది" అనేది. పెళ్లికూతురు మన మడిలోది, పెళ్లికొడుకు కొండవతల గెడ్డలోది. తనే ఎల్లి పట్టుకొచ్చేది. కన్నకూతురు మరిడమ్మనీ అలాగే కొండవతలకే ఇచ్చింది. ఏళ్లు గడిసినా ఆ పిల్లకి కడుపు పండనేదు. అత్త ఊరుకుంటాదేటి? "మా వోడికి ఇంకో పిల్లని సూస్తన్నాం, నీ గొడ్రాలు పశువుల సాలలో పడుంటాది" అని కబురెట్టింది. ఒదిన తల దించుకునీది. ఆడపిల్లని కన్నాది కదా మరి.

ఆ యేడు కప్పల పెళ్లికి, మిషను సర్చి పక్కింటి ఆదాముగారి కొడుకు సుందరరావు కూడా వచ్చాడు. ఇజీనారం కాలేజీల జంతువుల పాఠం సెప్పేవోడు. మంచోడే పాపం, నోరే ఆగదు. రోకలికి ఏపమండలు కట్టాం, బుట్టలో కప్పలకి పసుపు రాశాం, దారం కట్టాం. "మగదెక్కడిదమ్మా?" అన్నాడు. "కొండవతలది బాబూ." "అయితే ఇవి జత కావు" అనీశాడు! డప్పు ఆగిపోనాది. ఊరు ఊరంతా నోరు తెరిసీసింది. "సూపుకి ఒకటేనమ్మా, మచ్చలూ ఒకటే. ఎప్పుడో ఒకే తల్లి పిల్లలు. మధ్యన కొండ అడ్డమయ్యి, ఇవి అటెల్లక, అవి ఇటు రాక, వేల తరాలకి కూత మారిపోనాది. పోయిన వానల్లో టేపు మిషన్ల రెండు కూతలూ పట్టాను. మన ఆడకప్ప మన మగదాని కూతకే గెంతుతాది, కొండవతలదానికి కదలదు. తొట్టిలో రెండిటినీ కలిపినా గుడ్లు కుళ్లిపోనాయి, ఒక్క పిల్ల కానేదు. అప్పుడే మేం ఇవి రెండు జాతులని తేలుస్తాం" అన్నాడు. ఒదిన మొకం సూడాల! రగతం నేదు. "అయితే తప్పు ఆడదాందా బాబూ?" "తప్పెవరిదీ కాదమ్మా. జత కాదు, అంతే."

ఓలమ్మో, అప్పుడు ఒదిన ఏటి సేసిందనుకున్నావు! పెళ్లి మధ్యన పసుపు దారం పుటుక్కున తెంపీసింది! మేం గుండెలు బాదుకున్నాం. "వాన రాదే, ఊరు మాడిపోద్దే!" అని కూర్మయ్య మావ ఒకటే కేకలు. సెవినెక్కితేనా! బుట్ట ఒగ్గీసి కొండెక్కీసింది. సుందరరావు ఎనకాలే పరిగెట్టాడు. "మనుషుల మాట కాదమ్మా! మనుషులంతా ఒకటే జాతి, కొండలూ సముద్రాలూ అడ్డం కావు!" అని అరుస్తన్నాడు. ఎవరింటారు?

మర్నాడు ఒదిన మరిడమ్మ సెయ్యి పట్టుకుని కొండ దిగింది. ఆ అత్తోరి వాకిట్లో నిలబడి, "నా కూతురు గొడ్రాలు కాదు. జత కుదరనేదు, అంతే" అనీసి వచ్చిందట. అలాటి మాట ఓ ఆడది అనగా అప్పటిదాకా ఎవరిన్నారే? మొగుణ్ణి ఒగ్గీసిన పిల్లని ఇంట్లో ఎట్టుకుంటే ఊరు ఊరుకుంటాదా అన్నాను నాను. సాయంత్రం సుందరరావు వచ్చాడు, మొకం పీక్కుపోయి. "నాను సెప్పింది నువ్వు తప్పుగా అనుకున్నావమ్మా. ఆ లెక్క మనుషులకి కాదు" అన్నాడు. ఒదిన మరిడమ్మకి తల దువ్వుతన్నాది, దువ్వెన ఆపనేదు.

"తప్పయితే తప్పే బాబూ. పిల్ల ఇంటికొచ్చీసింది" అన్నాది.

...ఆ పాలగిన్నె ఇలాగియ్యి, తోడెట్టాల.