జవాబు అడిగే కిటికీ

తండ్రి పోయాక అక్క మొదటిసారి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంది. తిరిగి ఉద్యోగంలో చేరతానని మధ్యాహ్నంలోగా ఆఫీసుకు రాయకపోతే ఆ స్థానం వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. తమ్ముడు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"బ్రౌజర్ తెరిచే ఉందిరా. ఎన్నిసార్లు నొక్కినా ఒక్క అక్షరమూ పడి చావదు."

"కీబోర్డు మీద దీపం వెలుగుతోందిగా, అది బాగానే ఉంది. బ్రౌజర్ వెనకాల ఇంకేదో ప్రోగ్రాం కిటికీ తెరుచుకుని నీ అక్షరాలన్నీ లాగేసుకుంటోంది. బ్రౌజర్‌ని కిందికి దించు."

"దించాను."

"ఏముంది? అక్కా, ఏముందే?"

"నేను రాసిన ప్రోగ్రామేరా. 'నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నావా?' అని అడుగుతోంది."

"ఇంకా అడుగుతోందా!"

"జవాబిచ్చేదాకా కీబోర్డు వదలకుండా రాశాను. లేకపోతే మొండిఘటం, పక్కకి తోసేసి ఇందులోనే పేకాడుకునేవాడు."

"'చదివించినందుకు నాకే కాపలా పెట్టిందిరా' అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు."

"తిట్టుకుంటూనే మురిసిపోయేవాడు."

"పోనీ, దాన్ని తీసెయ్యనా?"

"వద్దు."

"అయితే జవాబు నొక్కు. టైమైపోతోంది."

"ఏం నొక్కమంటావు? రెండే పెట్టాను. 'వేసుకున్నాను', 'కాసేపాగి వేసుకుంటాను'."

తమ్ముడు ముందుకు వంగి ఆ రెండూ చదివాడు.

"రెండోది నొక్కక్కా. కాసేపు ఊరుకుంటుంది. ఆలోగా నీ నాలుగు ముక్కలూ రాసెయ్."

"మళ్ళీ వచ్చి అడుగుతుందిరా."

"అడగనీ."