గార్డుకు గీత పడలే

నువ్వు మాట్లాడకు. పండ్లకు తీగలు కట్టిన్రు, నెల దాకా నోరు తెరువొద్దని డాక్టరు చెప్పిండు గదా. ఈ జావ గొట్టంతోని మెల్లగ తాగుకుంట ఇను. నా కడుపు మండిపోతుంది అహల్యా. ఎవ్వలకు చెప్పుకోవాలె నేను?

విదేశపు బండి అన్నరు. ఓడల దిగింది అన్నరు. మానుకోట పెండ్లి నుంచి వస్తుంటే, రోడ్డు మీద సగం దాకా వడ్లారబోసి, మిగిలిన సగంల ట్రాక్టర్ ట్రాలీ ఆపిండు వాడెవడో. సరే, గుద్దుకున్నం. గంత బండిల ఒక్క గాలిబుగ్గన్న తెరుసుకోవద్దా? తెరుసుకోలే. బెల్టు పెట్టుకున్నా నీ మూతి పోయి ముందర తగిలె, దవడ ఇరిగె.

నీ తమ్ముని బండి సూడు. మన దేశంల చేసిన బండి. డోరేస్తె రేకు డబ్బా మూసినట్టే ఉంటది. పోయిన ఏడు శశిధర్ గా బండిని తీస్కపోయి కల్వర్టుకు గుద్దిండా? బుగ్గ టప్పున తెరుసుకున్నది. వాడు అంగీ దులుపుకుంట బయటికొచ్చిండు. అప్పుడు నేనేమన్న? "బామ్మర్దీ, నీ బండిల సామానేం లేదు, అంత గాలే" అన్న. పదిమందిల అన్న. గా దినమంత నువ్వు నాతోని మాట్లాడలే.

నేనేం ఊకెనే అనలే. కుండ కొంటె గూడ కొట్టి సూస్తం గదా మనం. కొనేముందు రెండు తీర్ల బండ్లను వేళ్లు మడిచి కొట్టి సూసిన. మన దేశపు బండి డబ్బా లెక్క మోగింది. ఇదేమో గట్టిగ, బరువుగ పలికింది. డోరేస్తె చప్పుడే రాలే. ఇగ గదే తెచ్చిన. దూరపు కొండలు నునుపు అని నాకెవడన్న చెప్పిండా?

ఇంటికి తెచ్చినంక ముందర బంపరును కొట్టి సూసిన. ప్లాస్టిక్. అంతటి బండికి ప్లాస్టిక్ మూతి. నా పానం ఊకుంటదా? నర్మెట్టకు పోయి, కట్టయ్య వెల్డింగు షాపుల ఇనుప పైపు గార్డు చేపిచ్చి బంపరు ముందర బిగిపిచ్చిన.

ఏంది గట్ల సూస్తవు? ఔ, నువ్వు వద్దన్నవు. "చేసినోళ్లకు ఎరుక ఉండదా?" అన్నవు. యాదున్నది నాకు. బర్రె అడ్డమొచ్చినా ఫికర్ లేదని నేనే అన్న. మన జఫర్‌గఢ్‌ల అందరు మెచ్చుకున్నరు గదా.

జావ తాగు. ఆగినవేంది?

నిన్న నీకు మందులు తెస్తనని పోయిన సూడు, మందులకు కాదు. వరంగల్‌ల బండిని రిపేరుకు ఇడిసిన షెడ్డుకు పోయిన. కంపెనీ మీద కేసేస్త అని మస్తు లొల్లి చేసిన. గా మెకానిక్కు అంత ఇన్నడు. ఇని, గార్డు మీద చెయ్యి పెట్టి, "ఇది మీరు పెట్టిచ్చిందేనా సార్?" అన్నడు.

గా బంపరు మెత్తగ చేసేదే నలుగుతందుకట. అది నలిగితెనే గుద్దుకున్నమని బండికి ఎరుకైతదట, బుగ్గ తెరుసుకుంటదట. "మీ గార్డు అడ్డమున్నది సార్. గుద్దుకున్న సంగతి బండికి యాళ్లకు ఎరుక కాలే" అన్నడు.

తల కొట్టేసినట్టయింది నాకు. ఎవ్వలకు చెప్పలే. నిన్ను సూడనొచ్చినోళ్లందరికి విదేశపోడు మోసం చేసిండనే చెప్తున్న. నీ ముంగటనే చెప్తున్న.

ఇగో, అసలు సంగతి ఇప్పుడు ఇను. పొద్దుగాల శశిధర్ ఫోన్ చేసిండు. వాడు గూడ పోయి బండి సూసిండట. "బావా, రేడియేటరు ఒక్కటే పగిలింది. గార్డుకైతె గీత గూడ పడలే. గసొంటిదే నాకు గూడ చెయ్యమని కట్టయ్యకు చెప్పిన, ఇయ్యాల మాపటికి బిగిస్తడు. పిల్లలను బడికి తోలుకపోయే బండి గదా" అన్నడు.

నేనేమన్నట్టు? "మంచి పని చేసినవు" అన్న. నా పండ్లకు ఏ తీగలు లేవు అహల్యా. అయినా నిజం చెప్పలే. ఇన్నేండ్ల సంది వాని బండిని డబ్బా అన్నోన్ని, ఇప్పుడు వానికి ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?

ఏడ్వకు. ఏడిస్తె కుట్లు గుంజుతయి. ఫోన్ నాకియ్యి. ఇయ్యి అంటున్న గదా, నువ్వెట్ల మాట్లాడుతవు? నేనే చేస్త.

హలో, శశీ. బావను. ఆఁ, తాగుతుంది, జావ తాగుతుంది. ఇను జర. గా గార్డు వద్దని కట్టయ్యకు చెప్పు. వద్దురా, ఇప్పుడే చెప్పు. నీ బండి ఎట్లుందో గట్లనే ఉండనియ్యి.

ఎందుకంటవా? మీ అక్క పక్కనే ఉన్నది, ఇంటున్నది. మీ అక్క దవడ నేనే ఇరగ్గొట్టిన రా.